చివరి సైకిలుతో బీదర్ దాకా

ఇస్నాపూర్ నుంచి బీదర్ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ దారిన నేను అప్పటికే ఆరుసార్లు సైకిల్ మీద వెళ్ళాను. ఆరుసార్లూ ముందు చేరిన ఇద్దరు ముగ్గురిలో ఒకణ్ణి నేనే. ఏడోసారి అందరికంటే చివర చేరాను. కొత్తగా దూరం తొక్కాలనుకునేవారికి పనికొస్తుందని ఆ ఏడో ప్రయాణం గురించి రాస్తున్నాను. మొదటి ఆరింటి గురించి రాయమంటే నాకు రాయడానికేమీ లేదు. ముందు పోయేవాడి వెనక మడ్‌గార్డు తప్ప ఆ దారిలో నేను చూసింది తక్కువ.

ఇది తొంభైల నాటి సంగతి. మా నాన్నగారు గుడివాడ వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పటాన్‌చెరులో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో టూల్‌రూం సూపర్‌వైజరును. ఆ ఫ్యాక్టరీలో చిన్న సైకిల్ సంఘం ఉండేది. దాన్ని పెట్టింది మా ఫోర్‌మన్ ప్రసాదరావు గారు. ఏటా డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరి బీదర్ చేరడం, ఆ రాత్రి గురుద్వారాలో పడుకోవడం, ఆదివారం మళ్ళీ తొక్కుకుంటూ రావడం, ఇదీ పద్ధతి. నిబంధన ఒక్కటే. సాయంత్రం నాలుగు గంటల్లోగా గురుద్వారా గేటు దగ్గర ఆయన పెట్టుకున్న రిజిస్టరులో సంతకం చేయాలి. నాలుగు దాటితే రిజిస్టరు మూసేసేవారు. చలికాలం పొద్దు తొందరగా వాలుతుంది, అది లారీల దారి, చీకట్లో మనవాడెవడూ రోడ్డు మీద ఉండకూడదు అనేది ఆయన భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. కానీ ఏటా ఒకరో ఇద్దరో కొత్తవాళ్ళు వచ్చేవారు, మరుసటి ఏడు కనిపించేవారు కాదు. మాది పందెం కాదని అందరితో చెప్పుకునేవాళ్ళం. తొక్కేది మాత్రం పందెం లాగే తొక్కేవాళ్ళం.

ఆ ఏడో ప్రయాణానికి ముందు ఏడాది నర్సింలును సంఘంలోకి తెచ్చింది నేను. నర్సింలు మా లేత్ మిషను మీద టర్నరు. ఇస్నాపూర్ రైతు కుటుంబం. రోజూ సైకిల్ మీదే డ్యూటీకి వచ్చేవాడు. "నువ్వు సులువుగా తొక్కేస్తావయ్యా" అని నేనే చెప్పి తీసుకెళ్ళాను. సదాశివపేట దాటాక అతని వెనక చక్రం పంచరైంది. అది మాలో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అప్పటికే అందరం ముందుకు వెళ్ళిపోయాం. ఆ రోజు నేను మూడున్నరకు బీదర్‌లో సంతకం చేశాను. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు వరసలో ఒక కంచం ఖాళీగా ఉంటే, అప్పుడు గుర్తొచ్చాడు నర్సింలు.

అతను సైకిల్ నడిపించుకుంటూ బుదేరా దాకా వెళ్ళి, ఒక లారీవాణ్ణి బతిమాలుకొని ఇంటికి చేరాడట. సోమవారం డ్యూటీలో కనిపించినప్పుడు ఏమైందని అడిగాను. తిడతాడనుకున్నాను. లేత్ ఆపకుండానే, "బండి మంచిగనే ఉండె సార్. నేనే సరిపోలె" అన్నాడు.

ఆ మాట ఏడాదంతా నన్ను వదల్లేదు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. సంఘం సమావేశంలో నేను లేచి, ఈసారి మనలో ఒకరు కొత్తవాళ్ళ వెనకే ఉండాలన్నాను. ప్రసాదరావు గారు కళ్ళజోడు సవరించుకొని, "బాగానే ఉంది. ఎవరుంటారు?" అన్నారు. అందరూ నా వైపే చూశారు. "నువ్వే ఉండవయ్యా మూర్తీ. కానీ నాలుగు నాలుగే" అన్నారు. అలా ఆ పని నా మీదే పడింది.

మరి వెనక ఉండటానికి ముందు ఒక కొత్తవాడు కావాలి కదా. ఆదివారం పొద్దున ఇస్నాపూర్ వెళ్ళాను. నర్సింలు ఇంటి ముందు వరసగా కిరాయి గదులు, వాటి ముందు తాళ్ళ మీద షిఫ్టు దిగి వచ్చినవాళ్ళ బట్టలు. విషయం చెప్పాను. నర్సింలు తల అడ్డంగా ఊపాడు.

"వొద్దు సార్. నాకు గంత దూరం కాదు."

అతని అక్క అనసూయ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. ఆమె మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసేది. నలభై ఏళ్ళుంటాయి. పొద్దున ఐదింటికే పొయ్యి వెలిగించాలి, ఆ వేళకు ఆటోలు దొరకవు. అందుకని ముప్పై ఎనిమిదో ఏట సైకిల్ నేర్చుకుంది. క్యాంటీన్‌లో అందరికీ అక్కే, నాకూ అక్కే.

"ఏందిరా, ఒక్క పంచరైతె ఇంట్ల కూసుంటవా?" అంది తమ్ముణ్ణి. "నువ్వు వోకుంటె నేను వోత, సార్ తోని."

"నువ్వా అక్కా? వంద కిలోమీటర్లే!" అన్నాడు నర్సింలు.

"దినాం వోయొస్తలేనా? గట్లనే తొక్కుకుంట వోత. ఎంతసేపైతె గంతసేపు."

ఆమె నవ్వులాటకు అంటోందనుకున్నాం. నవ్వులాట కాదది. గురువారం క్యాంటీన్‌లో నా కంచంలో అన్నం పెడుతూ, "శనివారం ఎన్ని గంటలకు సార్?" అని అడిగింది. అక్క ఒక్కతే వెళుతుంటే తమ్ముడు ఇంట్లో ఎలా ఉంటాడు? శుక్రవారం సాయంత్రానికి నర్సింలు కూడా టైర్లు మార్పించుకున్నాడు.

నేను అప్పటికే దారి వివరాల కాగితం టైపు చేయించి అందరికీ పంచాను. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లు, ఎన్నింటికి దాటాలి, అంతా ఇంగ్లీషులో. అనసూయక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్ల ఏమున్నది సార్?"

"దూరాలు, సమయాలు అక్కా."

"చాయ్ ఏడ దొర్కుతదో ఉన్నదా?"

"లేదు."

"నీళ్ళు?"

"అదీ లేదు."

"మరి ఆడోళ్ళు పక్కకు వోవాల్నంటె ఏడికి వోవాలె?"

ఆరేళ్ళలో ఆ ప్రశ్న మా ఎవరికీ తట్టలేదు. మేమంతా మగవాళ్ళం, రోడ్డు పక్కన ఎక్కడైనా ఆగేవాళ్ళం. నాకు తెలియదని ఒప్పుకున్నాను. "అయితె వోయినంక సూస్కుందాం" అంది. తరువాత దారి పొడవునా నేను ఆ మూడూ రాసుకుంటూ వెళ్ళాను. వెళ్ళాలనుకునేవారి కోసం ఇక్కడా చెబుతూ ఉంటాను.

శనివారం పొద్దున ఐదున్నరకు పటాన్‌చెరు నుంచి ఏడుగురం బయలుదేరాం. మంచు, దానిలో కలిసిన మందుల ఫ్యాక్టరీల వాసన. వెనకటి ఏడు నర్సింలును కూడా పటాన్‌చెరు రమ్మన్నాం, అంటే అతను నిద్రమాని వెనక్కి వచ్చి, మళ్ళీ తన ఊరి మీదుగానే ముందుకు పోయాడు. ఈసారి అక్కాతమ్ముళ్ళు ఇస్నాపూర్‌లోనే కలిశారు. సరిగ్గా ఆరు గంటలు. అనసూయక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైన తమ్ముడి పాత స్వెట్టరు వేసుకొని, చెవుల చుట్టూ రుమాలు కట్టుకొని నిలబడింది. సైకిల్ ముందు బుట్టలో జొన్న రొట్టెలు, పచ్చడి. ప్రసాదరావు గారు ఆమెకు నమస్కారం పెట్టి, "జాగ్రత్తమ్మా, ఎడమ అంచు వదలకండి" అని చెప్పి బెల్లు కొట్టారు. ఐదు నిమిషాల్లో ఆ ఆరు సైకిళ్ళూ మంచులో కలిసిపోయాయి. మేం ముగ్గురం మిగిలాం.

మొదటి గంట నాకు పెద్ద పరీక్షగా గడిచింది. కాళ్ళు ముందుకు లాగుతున్నాయి, సైకిలేమో నడిచే మనిషి పక్కన కుక్కలా ఆగి ఆగి పోతోంది. రుద్రారం దాటేసరికి ఆరున్నర. కంది ఊరి దగ్గర ఏడుంపావు. ప్రతి మైలురాయి దగ్గరా లెక్క వేసుకొని, నిమిషాలు తగ్గిపోతున్నాయని మనసులో విసుక్కుంటున్నాను. రెండుసార్లు తెలియకుండానే వేగం పెంచాను. రెండుసార్లూ వెనక నుంచి అనసూయక్క అరిచింది.

"సార్! మీరు ఎనక ఉంటరన్నరు గద, ముంగట వోతున్నరేంది?"

సిగ్గుపడి వెనక్కి వచ్చాను.

ఏడూ నలభైకి సంగారెడ్డి చౌరస్తా. అక్కడ ఇడ్లీ, చాయ్. ఆడవాళ్ళకు హోటలు వెనక గది ఉంది, అడిగితే తాళం ఇస్తారు. కూర్చొని తింటున్నప్పుడు గమనించాను, అనసూయక్క మోకాళ్ళు రాసుకుంటోంది. ఆమె సైకిల్ సీటు మరీ కిందికి ఉంది. తొక్కినప్పుడల్లా మోకాలు పొట్ట దాకా వస్తోంది. పక్కనే సైకిల్ షాపు తెరుస్తున్నారు. పానా అడిగి తీసుకొని సీటు రెండంగుళాలు ఎత్తాను.

"కాలు కిందికి అందుతలేదు సార్. పడిపోత."

"ఆగేటప్పుడు దిగండి అక్కా. సీటు మీద కూర్చొని ఆగకండి. పది నిమిషాలు చూడండి, నచ్చకపోతే మళ్ళీ దించేస్తాను."

చౌరస్తాలో ఒక చుట్టు చుట్టింది. తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయింది. "గీ ముచ్చట రెండేండ్ల కింద ఎవ్వలు జెప్పలేదేంది నాకు?" అంది. రెండేళ్ళుగా ఆమె రోజూ ఫ్యాక్టరీ గేటు లోంచి ఆ సైకిల్ మీద నా ముందు నుంచే వచ్చేది. నేను చూసేవాణ్ణి, చూసి వెళ్ళిపోయేవాణ్ణి. కొత్తవాళ్ళు ఎవరైనా బయలుదేరే ముందు పాతవాళ్ళ చేత సీటు ఒకసారి చూపించుకోండి. డబ్బులేమీ ఖర్చుకాని పని అది, సగం అలసట దానితోనే పోతుంది.

సదాశివపేట చేరేసరికి పావు తక్కువ పది. ఊళ్ళో బస్టాండు ఉంది, అక్కడ నీళ్ళు బాగుంటాయి, ఆడవాళ్ళకు వసతి ఉంది. అప్పటిదాకా కబుర్లు చెబుతూ వచ్చిన నర్సింలు ఆ ఊరు దాటాక మాట తగ్గించాడు. రోడ్డుకు రెండు పక్కలా కంది చేలు పూత మీద ఉన్నాయి. చెరకు బండ్లు ఎదురొస్తున్నాయి. కొంతదూరం పోయాక, రోడ్డు కింద నీళ్ళు పోయే ఒక మోరీ దగ్గర అతను సైకిల్ దిగాడు. అక్కడ చిన్న వేపచెట్టు, దాని కింద గంపలో జామపండ్లు పెట్టుకొని ఒక ముసలమ్మ కూర్చొని ఉంది.

"గీడనే సార్," అన్నాడు. "పోయినేడు."

ముసలమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని అతన్ని పరీక్షగా చూసింది. "నువ్వు సైకిల్ నూక్కుంట వచ్చినోడివి గాదు బిడ్డా? తొవ్వ దిక్కే సూస్కుంట కూసుంటివి. జామపండు ఇస్తె తినకుంట చేతుల వట్టుకుంటివి."

"అవునవ్వా."

"మరి నీ తోటోళ్ళు ఎవ్వలన్న వచ్చిండ్రా గప్పుడు?"

నర్సింలు నా వైపు చెయ్యి చూపించాడు. "ఇగో, ఇప్పుడొచ్చిండు."

అవ్వ నవ్వింది. అనసూయక్క నవ్వింది. నర్సింలు కూడా నవ్వాడు. నన్ను పొడవాలని అన్న మాట కాదది, అందుకే ఇంకా లోపలికి దిగింది. నేను మోరీ గట్టు మీద కూర్చుండిపోయాను.

"నేను ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు నర్సింలూ," అన్నాను. "నిన్ను తెచ్చింది నేను. తప్పు నాదే."

అతను కాసేపు చక్రం గాలి నొక్కి చూస్తున్నట్టు వంగి ఉన్నాడు. "పంచర్‌కు నాకేం బాధ కాలే సార్. మీరు ఎనక్కి వస్తరని రెండు గంటలు సూసిన. మీకు ఎర్ర టోపి ఉండె గద. గా ఎర్ర టోపి కండ్లవడ్తదేమోనని సూసిన. ఇద్దరు వచ్చిండ్రు ఎర్ర టోపీలోళ్ళు. ఇద్దరు లారీ క్లీనర్లే."

అనసూయక్క పగలబడి నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. అవ్వ ముగ్గురికీ ఉప్పూ కారం చల్లి జామపండ్లు కోసి ఇచ్చింది. అక్కడ పావుగంట కూర్చున్నాం. ఆరుసార్లు ఆ చెట్టు ముందు నుంచి వెళ్ళినవాణ్ణి, అక్కడ ఒక చెట్టు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మళ్ళీ సైకిల్ ఎక్కాక నర్సింలుకు మాటలు తిరిగొచ్చాయి. ఆ తరువాత నేను టైము లెక్కలు కట్టడం మానేశానని మాత్రం అనను. తగ్గించాను.

బుదేరా దగ్గర పదకొండున్నర. నీడ బాగా ఉన్నది అక్కడే, చాయ్ కూడా మంచిది. ఆడవాళ్ళు హోటలు యజమాని ఇంట్లోకి వెళ్ళవచ్చు, ఆయన భార్య చాలా మంచిది. అక్కడే రొట్టెలు తిన్నాం. హోటలాయన అనసూయక్కను వింతగా చూసి, "మొక్కేమన్న ఉన్నదా అమ్మా, సైకిల్ మీద వోతున్నవ్?" అని అడిగాడు.

"మొక్కు లేదు ఏం లేదు. బీదర్ సూడాల్నని."

"బస్సు ఉన్నది గద."

"బస్సుల వోతె మీ చాయ్ తాగుదునా?"

ఆయన ఆ చాయ్‌లకు పైసలు తీసుకోలేదు.

బుదేరా దాటాక ఎదురుగాలి. కోహీర్ చౌరస్తా చేరేసరికి ఒంటిగంట, జహీరాబాద్ చేరేసరికి రెండు. నల్లమట్టి పోయి ఎర్రమట్టి మొదలైంది. బస్టాండు ఎదుట హోటల్లో అన్నం తిన్నాం. కంచం ముందు అనసూయక్క వేళ్ళు మడవలేకపోయింది. హ్యాండిలు గట్టిగా పట్టుకొని పట్టుకొని అరచేతులు వాచాయి. బస్టాండులో బీదర్ బస్సు నిలబడి ఉంది, కండక్టరు కేకలు వేస్తున్నాడు.

ఆమె బస్సు వైపు చూసింది. "సార్, నేను బస్సుల వస్త. సైకిల్‌ను బస్సు మీద ఏసుకొని వోతరట. మీరిద్దరు ఉరుకుండ్రి. నాలుగింటికి అందుతరు."

బీదర్ ఇంకా ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. నేనూ నర్సింలూ గట్టిగా తొక్కితే నాలుగుకు ఐదు నిమిషాల ముందు చేరతాం. నర్సింలు పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. ఏడో ఏడు నా పేరూ ఎక్కుతుంది. ఆ లెక్క నా తలలో ఒక్క క్షణంలో అయిపోయింది. గడియారం చూశాను. తల ఎత్తితే నర్సింలు నన్నే చూస్తున్నాడు.

"అక్కా, ఒకటి అడుగుతాను. బస్సెక్కడం తప్పేమీ కాదు. చేతులు నొప్పిగా ఉంటే ఎక్కండి, మేం కూడా మీతోనే బస్సులో వస్తాం. మీకు ఎక్కాలని ఉందా?"

"నాకు లేదు సార్. మీకు ఆల్శమైతున్నదని."

"అయితే ఇంకో చాయ్ తాగుదాం," అన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. నర్సింలు పరుగెత్తి పక్క దుకాణంలో పాత ట్యూబు ముక్కలు అడిగి తెచ్చాడు. అక్క సైకిల్ హ్యాండిలు పిడులకు గుడ్డ చుట్టి, దాని పైన ట్యూబు బిగించి కట్టాడు. మెత్తటి దిండులా అయింది. మూడుంపావుకు కదిలాం.

బీదర్ దారి ఎగుడు దిగుడుగా ఉంటుంది. ఎగుడు వచ్చినచోటల్లా ముగ్గురం దిగి నడిచాం. నడవడం ఓటమి కాదని కొత్తవాళ్ళకు ఎవరైనా ముందే చెప్పాలి, మేం ఎప్పుడూ చెప్పలేదు. అల్లం చేలలో తవ్వుతున్న ఆడవాళ్ళు పని ఆపి అనసూయక్కను చూసి చేతులూపారు. ఆమె బెల్లు కొట్టింది. కొంతదూరం పోయాక మైలురాళ్ళ మీద కన్నడ అక్షరాలు మొదలయ్యాయి. ఆమె ఒక రాయి దగ్గర ఆగి, కూడబలుక్కుంటూ చదవబోయి, "గీ అచ్చరాలు మనయే లెక్కున్నయి గని, జెర మెలికలు వోయినయి సార్" అంది.

నాలుగు గంటలు ఏ రాయి దగ్గర దాటాయో నేను చూడలేదు. నిజం చెప్పాలంటే చూశాను, పైకి చెప్పలేదు.

ఐదుంపావు దాటింది. ఎండ ఎర్రబడింది. ఊరు ఇంకా ఐదు కిలోమీటర్లుందనగా ఎదురుగా ఒక సైకిల్ వస్తూ కనిపించింది. హ్యాండిలుకు టార్చిలైటు కట్టి ఉంది, క్యారియరు మీద అరటి గెల ముక్క. ప్రసాదరావు గారు. మా దగ్గరకు వచ్చి దిగి, ముగ్గురినీ పైనుంచి కింది దాకా చూసి, గట్టిగా ఊపిరి వదిలారు.

"సార్, నాలుగు దాటింది," అన్నాను నేను.

"నాకు గడియారం చూడటం వచ్చునయ్యా. ముందు అరటిపండు తిను."

ఆయన మమ్మల్ని ముందు పోనిచ్చి తాను వెనక, టార్చి వెలిగించుకొని వచ్చారు. ఆరుకు ఐదు నిమిషాలుందనగా గురుద్వారా గేటు దగ్గర దిగాం. ముందు చేరినవాళ్ళు స్నానాలు చేసి వచ్చి గేటు దగ్గరే కూర్చొని ఉన్నారు. అనసూయక్క దిగగానే ఒకతను ఆమె సైకిల్ పట్టుకున్నాడు, ఇంకొకతను నీళ్ళు తెచ్చాడు. ప్రసాదరావు గారు లోపలికి వెళ్ళి రిజిస్టరు తెచ్చి, బల్ల మీద పెట్టి తెరిచారు. అనసూయక్క వాచిన వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ పేరు రాసింది. ఆయన దాని పక్కన ఏదో రాశారు.

"ఆల్శమని రాసిండ్రా సార్?"

"లేదమ్మా. ఐదు యాభై ఐదు అని రాశాను. మీరు వచ్చిన సమయం."

నర్సింలు సంతకం చేశాడు. చేశాక కొంచెంసేపు ఆ పేజీనే చూస్తూ నిలబడ్డాడు. చివర నేను చేశాను.

భోజనానికి అందరం నేల మీద వరసగా కూర్చున్నాం. రొట్టె, పప్పు, ఖీరు. వడ్డించే సర్దార్‌జీ అనసూయక్క ముందుకు రాగానే ఆమె అలవాటుగా లేవబోయింది. "బైఠో బహన్‌జీ," అని ఆయన రెండు చేతులతో రొట్టె అందించాడు. ఆమె దాన్ని చేతిలో పట్టుకొని, "కూసుండవెట్టి నాకు ఎవ్వలన్న వడ్డిచ్చి ఎన్నేండ్లాయెనో" అంది నెమ్మదిగా. రెండో రొట్టె కూడా వేయించుకుంది.

తిన్నాక ప్రసాదరావు గారు తన మనసులో ఉన్నది బయటపెట్టారు. "కొత్తవాళ్ళు రావాలనే నాకూ ఉందమ్మా. కానీ ఈ లారీల మధ్య చీకట్లో మీరు వస్తున్నారంటే నాకు గుండె దడ. నాలుగు గంటల నియమం ఎత్తేస్తే ఎట్లా?"

అనసూయక్క ఆశ్చర్యంగా చూసింది. "నియమం ఎందుకు ఎత్తేసుడు సార్? మెల్లగ వోయేటోళ్ళు గంట రెండు గంటలు ముంగట బయలెల్లాలె. గట్టిగ తొక్కేటోళ్ళు ఎనక రావాలె. తొవ్వల అందరు కలుస్తరు. పంచరైనోడు వాళ్ళకే కండ్లవడ్తడు. గింతే గద."

అందరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఇంతమంది మెకానిక్కులం, సూపర్‌వైజర్లం, ఇన్నేళ్ళు ఎవరికీ తట్టలేదు. ప్రసాదరావు గారు జేబులోంచి పెన్ను తీసి రిజిస్టరు వెనక అట్ట మీద అది రాసుకున్నారు. రాసి, ఆమె చేత చదివించి, సరిపోయిందా అని అడిగారు.

ఆదివారం పొద్దున ఆరింటికి మిగతావాళ్ళు సైకిళ్ళ మీద వెనక్కి బయలుదేరారు. మేం ముగ్గురం రైలుకు వెళ్ళాలని నిర్ణయించుకున్నాం. మొదటిసారి వచ్చేవాళ్ళు ఒకవైపే తొక్కండి, ఏమీ తక్కువ కాదు. రైలుకు వేళ ఉంది గనక కోటకు వెళ్ళాం. ఆరుసార్లు బీదర్ వెళ్ళి కోట చూడనివాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎర్రరాతి గోడలు, గడ్డి మొలిచిన కందకాలు, పావురాలు. అనసూయక్క బురుజు ఎక్కి, మేం వచ్చిన దారి ఏదని అడిగింది. చూపించాను. చాలాసేపు అటే చూసింది. "గాడికెల్లి వచ్చినమా!" అంది చివరకు.

ప్యాసింజరు పదకొండున్నరకని చెప్పారు, వచ్చేసరికి పన్నెండైంది. సైకిళ్ళను స్టేషనులో పార్సిలు కింద బుక్ చేసి గార్డు పెట్టెలో ఎక్కించాలి. అరగంట ముందే వెళ్ళండి. రైల్లో కూర్చున్నాక నర్సింలు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కోహీర్‌లో ఒక టైలరు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. నడివయసు మనిషి, మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. వికారాబాద్‌లో అత్తగారింటికి వెళుతున్నాడట. మేం సైకిల్ మీద బీదర్ వెళ్ళి వస్తున్నామని అనసూయక్క చెబితే మొదట నమ్మలేదు. గుడ్డ చుట్టినట్టు వాచిన అరచేతులు చూపించింది. అప్పుడు నమ్మాడు.

"నాకు గూడ చిన్నప్పట్నుంచి ఆశనే అమ్మా," అన్నాడు. "గని నా కాళ్ళకు మిషను తొక్కుడే ఎర్క."

ఆ మాటకు నర్సింలుకు మెలకువ వచ్చింది. "మిషనైనా సైకిలైనా తొక్కుడే గద అన్నా."

"తొక్కుత తమ్మీ. నడుమిట్ల ఆగిపోతె? అందరు ముంగట వోయినంక నేనొక్కన్ని తొవ్వల ఏం జెయ్యాలె?"

నర్సింలు సర్దుకొని కూర్చున్నాడు. "వచ్చేయేడు అందర్ల ఎనక సైకిల్ నాది. నీ ఎనక నేనుంట. ఎంత ఆల్శమైనా ఉంట."

ఆ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. సంఘంలో దాని మాటే రాలేదు. టైలరు అతని ముఖంలోకి చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ అతని వైపే తిరిగి, ఎప్పుడు రావాలి, ఎక్కడికి రావాలి, పాత సైకిల్ పనికొస్తుందా అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. నర్సింలు సీటు ఎంత ఎత్తులో ఉండాలో తన తుంటి మీద చెయ్యి పెట్టి చూపిస్తున్నాడు. మర్‌పల్లి పోయింది, సదాశివపేట రోడ్డు పోయింది, వాళ్ళ మాటలు అవలేదు. వికారాబాద్‌లో దిగేటప్పుడు టైలరు కండువా సర్దుకొని, "ఇస్నాపూర్ల నర్సింలు అంటె సాలా తమ్మీ?" అని అడిగాడు.

"సాలు అన్నా. ఎవ్వల్నడిగినా జెప్తరు."

రైలు కదిలింది. అనసూయక్క మిగిలిన రొట్టెను మూడు ముక్కలు చేసి పంచింది. ఆరుసార్లలో ఎన్నింటికి చేరానో ఇప్పటికీ నిమిషాలతో సహా చెప్పగలను. ఏడోసారి దారిలో మనుషులే గుర్తున్నారు. లింగంపల్లిలో సైకిళ్ళు దించుకొని బయటకు వచ్చేసరికి ఐదు. పటాన్‌చెరు వైపు తిరిగాక చూసుకుంటే నర్సింలు మా ఇద్దరి వెనక వస్తున్నాడు. నేను వేగం తగ్గించి అతన్ని ముందుకు రమ్మన్నాను.

"మీరు ముంగట నడువుండ్రి సార్," అన్నాడు.